కోజుమెల్ పగడపు దిబ్బలు, తులుం నీటి గుహలు: పదేళ్లు దిగాక రాస్తున్నది

నా స్కూబా డైవ్ పుస్తకంలో, అంటే వీపుకు గాలి ట్యాంకు తగిలించుకుని నీళ్లలోకి దిగిన లెక్క రాసుకునే పుస్తకంలో, ఇప్పటికి 168 డైవ్‌లు నమోదయ్యాయి. మొదటిది 2014 నవంబరులో. 127 డైవ్‌లు మెక్సికోలోని కోజుమెల్ దీవి పగడపు దిబ్బల మీద చేశాను. మిగతా 41 ఆ దీవికి ఎదురుగా ఉన్న గట్టు మీద, తులుం చుట్టుపక్కల అడవిలోని సెనోటేల్లో. సెనోటే అంటే పైకప్పు కూలి నోరు తెరుచుకున్న సున్నపురాతి గుహ, అడుగంతా నీళ్లు. మేం ఉండేది హ్యూస్టన్‌లో. కోజుమెల్‌కు నేరుగా వెళ్లే విమానం ఎక్కితే రెండున్నర గంటల లోపే దిగిపోతాం. అందుకే మళ్లీ మళ్లీ అక్కడికే వెళ్లాం.

ఇక్కడి తెలుగువాళ్లు, ముఖ్యంగా ఆడవాళ్లు, ఫోన్ చేసి అడిగేవి దాదాపు ఒకే ప్రశ్నలు. ఈత బాగా రావాలా? కళ్లజోడు ఉంటే ఎలా? గుహలోకి వెళ్లడానికి భయం వేయలేదా? ఒక్కొక్కరికీ విడిగా చెప్పే బదులు మొత్తం ఒకచోట రాస్తున్నాను.

నేను నల్గొండ జిల్లా పల్లెటూరి పిల్లని. మా పొలం బావిలో అన్నయ్యలు నడుముకు బెండు కట్టుకుని ఈత నేర్చుకుంటుంటే నేను గట్టు మీద కూర్చుని చూసేదాన్ని. ఆడపిల్లలం దిగకూడదు. 36 ఏళ్ల వయసులో హ్యూస్టన్‌లో ఒక స్విమ్మింగ్ పూల్‌లో మొదటిసారి నీళ్లలో తల ముంచాను. ఏడాది తర్వాత కోజుమెల్‌లో ఓపెన్ వాటర్ అనే మొదటి మెట్టు డైవింగ్ కోర్సు పూర్తి చేశాను. ఆగకుండా 200 మీటర్లు ఈదగలిగి, పది నిమిషాలు నీటి మీద తేలగలిగితే కోర్సుకు సరిపోతుంది. వేగం ఎవరూ చూడరు. అసలు డైవింగ్‌లో వేగంగా ఈదేవాళ్లకే గాలి ముందు అయిపోతుంది.

కోజుమెల్‌లో చేసేది డ్రిఫ్ట్ డైవింగ్. ప్రవాహం మామూలుగా దక్షిణం నుంచి ఉత్తరానికి సాగుతుంది. మనం దిగి దాని ఒళ్లో ఉంటే చాలు, అదే మోసుకుపోతుంది. పడవ పైన మన బుడగలు చూసుకుంటూ వెంట వస్తుంది. పలాంకార్ దిబ్బ దగ్గర పగడాలు గోపురాల్లా లేచి ఉంటాయి, వాటి మధ్య సందుల్లోంచి దూరి అవతల నీలంలోకి బయటపడొచ్చు. సాంతా రోసా అయితే నిట్టనిలువు గోడ. పక్కన పగడం, కింద చూస్తే అడుగు కనిపించదు. మొదటిసారి ఆ గోడ అంచు దాటినప్పుడు నా గుండె చప్పుడు నాకే వినిపించింది. నీళ్లు ఎంత తేటగా ఉంటాయంటే 30 మీటర్ల అవతల ఉన్న మనిషి ఫిన్స్ (కాళ్లకు తొడిగే రబ్బరు రెక్కలు) రంగు చెప్పొచ్చు.

అక్కడ నాకు ప్రాణం ఒక చేప. ఇంగ్లీషులో స్ప్లెండిడ్ టోడ్‌ఫిష్ అంటారు. కోజుమెల్ పరిసరాల్లో తప్ప ఇంకెక్కడా దాదాపుగా కనిపించదు. చదునైన తల, దాని మీద చారలు, గడ్డానికి మీసాల్లాంటి కుచ్చులు, రెక్కల అంచులు పసుపు. పగడం కింద ఇసుక గూట్లో కూర్చుని కప్పలా గురగురమంటుంది. చూడటానికి ముందే చెవికి దొరుకుతుంది. అది ఎక్కడుందో పట్టుకోవడానికి నాకు ఇరవై డైవ్‌లు పట్టింది. ఎందుకంటే దాన్ని చూడాలంటే ప్రవాహంలో ఉంటూనే, ఇసుకకు ఒక అడుగు పైన, దేన్నీ పట్టుకోకుండా ఆగగలగాలి. బాయెన్సీ అంటే అదే. పైకి తేలకుండా, కిందికి మునగకుండా ఉన్న చోట నిలబడటం. ఇది చేతులతో వచ్చేది కాదు, ఊపిరితో వస్తుంది. నిండా పీల్చితే కాస్త లేస్తాం, మెల్లగా వదిలితే కాస్త దిగుతాం. ఇది వంటబట్టని మనిషికి పగడం ఒక ఆసరాలా కనిపిస్తుంది, చెయ్యి దానంతట అదే దాని మీదికి పోతుంది. కోజుమెల్ దిబ్బలు 1996 నుంచి జాతీయ పార్కు. అక్కడ చేతికి గ్లవ్స్ వేసుకోనివ్వరు, కత్తి పెట్టుకోనివ్వరు. గ్లవ్స్ ఉంటే ముట్టుకోవడానికి ధైర్యం వస్తుందనే ఆ నియమం. అది చాలా మంచి నియమం.

సామాను గురించి కూడా చెబుతాను. పదేళ్లలో నేను సొంతానికి కొని తృప్తి పడినవి మూడే: మాస్కు, డైవ్ కంప్యూటర్, బూట్లు. నాకు మైనస్ నాలుగున్నర పవర్. మాస్కుకే పవర్ అద్దాలు వేయించుకున్నాను. పగడాల్లో చిన్న రొయ్యలు, గుర్రపుముఖం చేపలు ఉంటాయని అంతకుముందు నాకు తెలియనే తెలియదు. మాస్కు అంచు నల్ల సిలికాన్‌ది తీసుకోండి. పారదర్శకంగా ఉన్నది రెండు మూడేళ్లకు పచ్చబడుతుంది, నా నల్లది పదేళ్లయినా అలాగే ఉంది. కొత్త మాస్కు అద్దానికి ఫ్యాక్టరీ పొర ఒకటి ఉంటుంది. టూత్‌పేస్టుతో రెండు మూడుసార్లు రుద్ది కడగకపోతే ఆవిరి పట్టి ఏమీ కనిపించదు. డైవ్ కంప్యూటర్ అద్దెకు తీసుకోకండి, కొనుక్కోండి. మన ఒంట్లో నైట్రోజన్ ఎంత పేరుకుందో లెక్కపెట్టేది అదే. ఉదయం డైవ్‌ల లెక్క సాయంత్రానికి మోసుకురావాలంటే అదే యంత్రం మన చేతికి ఉండాలి. రెగ్యులేటర్ (ట్యాంకు గాలిని నోటికి అందించేది), బీసీడీ జాకెట్ (గాలి నింపి, వదిలి తేలడాన్ని సరిచూసుకునేది), ట్యాంకు అక్కడే మంచివి దొరుకుతాయి. నేను ఒకసారి బీసీడీ కొని మోశాను. రెండు ట్రిప్పుల్లో దాని బరువుకే విసిగి స్నేహితురాలికి ఇచ్చేశాను.

జడ ఉన్న ఆడవాళ్లకు ఒక మాట. మాస్కు రబ్బరు పట్టీ జుట్టును పీకేస్తుంది, దాని మీద తొడిగే గుడ్డ పట్టీ దొరుకుతుంది, తప్పకుండా కొనుక్కోండి. గట్టిగా రెండు జడలు వేసుకుని వెట్‌సూట్ (ఒంటికి అతుక్కునే రబ్బరు దుస్తులు) లోపలికి దోపుకుంటే చిక్కు పడదు. సముద్రానికైతే నేను ముందు రాత్రి కొబ్బరినూనె పెట్టుకునేదాన్ని. సెనోటేకు మాత్రం వద్దు. నూనె, సన్‌స్క్రీన్, దోమల మందు ఏదీ ఒంటి మీద ఉండకూడదు, దిగేముందు షవర్ కింద నిలబెడతారు. ఆ నీళ్లే చుట్టుపక్కల వాళ్లు తాగే భూగర్భ జలం.

తప్పు చేసి నేర్చుకున్నది ఒకటుంది. 2016లో జలుబుతో దిగాను. డబ్బు కట్టాం కదా, పోతుందేమోనని. పది మీటర్ల లోతుకే ఒంటి మీద ఒత్తిడి రెట్టింపవుతుంది. ముక్కు మూసి గాలి ఊదితే చెవిలోకి గాలి చేరి ఆ ఒత్తిడి సమం కావాలి. జలుబుతో ఆ దారి మూసుకుపోతుంది. నాలుగు మీటర్ల దగ్గర చెవిలో సూది దిగినట్టయింది. పైకి వచ్చేశాను గానీ అప్పటికే దెబ్బ తగిలింది, మూడు వారాలు ఎడమ చెవి సరిగా వినపడలేదు. జలుబుంటే దిగకండి. డబ్బు పోతే పోయింది.

స్నార్కెలింగ్ (మాస్కు, గాలి గొట్టంతో నీటి మీదే తేలుతూ చూడటం) చాలు, డైవింగ్ వద్దు అనుకునేవాళ్లు ఒడ్డు దగ్గర గుంపులో దిగి, 'ఏముంది ఇందులో' అని తిరిగి వస్తారు. కోజుమెల్‌కు రోజూ పెద్ద పెద్ద క్రూజ్ ఓడలు వస్తాయి. ఓడలు ఎక్కువగా ఉన్న రోజు ఊరికి దగ్గరి చోట్ల నీళ్లలో చేపల కంటే కాళ్లే ఎక్కువ కనిపిస్తాయి. పొద్దున్నే పడవ మాట్లాడుకుని దక్షిణాన కొలంబియా షాలోస్‌కు వెళ్లండి. అక్కడ పగడాలు లోతు తక్కువలోనే ఉంటాయి, నీటి మీద బోర్లా పడుకుని చూస్తే చాలు. తాబేలు గడ్డి మేస్తుంటే దాని నోటి చప్పుడు వినొచ్చు. ఎల్ సియెలో అనే ఇసుక మెట్టలో సముద్ర నక్షత్రాలుంటాయి. వాటిని నీళ్లలోంచి బయటికి తీసి ఫోటో దిగేవాళ్లను చూస్తే నాకు ఇప్పటికీ కడుపు మండుతుంది. అది ఊపిరి తీసుకునేది నీళ్లలోనే.

ఇక సెనోటేలు. నా మనసు ఇటే ఎక్కువ మొగ్గుతుంది.

బెలుం గుహలు గానీ బొర్రా గుహలు గానీ చూసినవాళ్లు కళ్లు మూసుకుని ఊహించండి. ఆ గుహ నిండా గాజులాంటి నీళ్లు నింపి, కరెంటు దీపాలన్నీ ఆర్పేసి, మెట్లు తీసేసి, మనం పైకప్పుకూ నేలకూ మధ్యలో తేలుతున్నాం. పైనుంచి మర్రి ఊడల్లా సున్నపు ఊడలు వేలాడుతుంటాయి. కొన్ని నేల నుంచి లేచిన దిమ్మలతో కలిసిపోయి స్తంభాలయ్యాయి. ఈ ఊడలు నీళ్లలో పుట్టేవి కావు, గాలిలో చుక్క చుక్కగా కారి గడ్డకట్టాలి. అంటే ఈ గుహలు ఒకప్పుడు పొడిగా ఉండేవి. మంచుయుగంలో సముద్రం ఇప్పటికంటే దాదాపు 120 మీటర్లు కిందికి ఉన్నప్పుడు వాన నీరు సున్నపురాయిని కరిగించుకుంటూ ఈ ఊడల్ని అల్లింది. మంచు కరిగి సముద్రం లేచాక గుహలు మునిగాయి. తులుం ఉన్న యుకటాన్ ద్వీపకల్పం ఉత్తర భాగంలో నేల మీద నదులు లేవు. నది ఉంటే అది కిందే. ఇక్కడి మూలవాసులైన మాయా జనాలకు ఈ బావులే తాగునీరు, ఈ బావులే దేవుళ్లుండే చోటు. 2018 జనవరిలో సాక్ ఆక్తున్, దోస్ ఓహోస్ అనే రెండు గుహల వరసలు లోపల కలుస్తాయని డైవర్లు కనుక్కున్నారు. అప్పటికి కొలిచిన పొడవే 347 కిలోమీటర్లు. అదే గుహల్లో ఓయో నేగ్రో అనే గొయ్యిలో 2007లో పదిహేను, పదహారేళ్ల అమ్మాయి అస్థిపంజరం దొరికింది. పన్నెండు వేల ఏళ్లకు పైబడినది. ఆ గొయ్యి మనలాంటివాళ్లు వెళ్లేది కాదు. కానీ దోస్ ఓహోస్‌లో తేలుతున్నప్పుడల్లా ఈ చీకట్లోనే ఎక్కడో ఒక పిల్ల నీళ్లు వెతుక్కుంటూ నడిచి ఉంటుందేమోనని నాకు గుర్తుకొస్తుంది.

మొదటి సెనోటేకు దోస్ ఓహోస్ మంచిది. లోతు పది మీటర్లు దాటదు. తాడు వెంబడి రెండు దారులున్నాయి. రెండోదానిలో మధ్యలో ఒకచోట నీటి పైకి తల ఎత్తితే గబ్బిలాలు వేలాడే గది, పైన చిన్న కంతలోంచి పగటి వెలుగు. చాక్ మూల్‌కు, దాని పక్కనే ఉన్న కుకుల్కాన్‌కు రెండోసారి వెళ్లండి. అక్కడ పైన మంచినీళ్లు, కింద సముద్రపు ఉప్పునీళ్లు కలవకుండా పొరలుగా ఉంటాయి. ఆ రెండూ తాకే చోటు వేసవిలో తారు రోడ్డు మీద కదిలే ఎండమావిలా ఉంటుంది. ముందు వెళ్లే మనిషి ఆ పొరను కలిపేస్తే వెనకవాళ్లకు కళ్లజోడు తీసేసినట్టు అంతా మసక. కాస్త పక్కకు జరిగితే మళ్లీ స్పష్టం. పొర దాటి కిందికి దిగగానే నీళ్లు కొంచెం వెచ్చగా తగులుతాయి, ఉప్పు నీరు మనల్ని పైకి నెడుతుంది. మే నుంచి ఆగస్టు దాకా నడి మధ్యాహ్నం వెళ్తే కుకుల్కాన్‌లో ఎండ నిలువు కడ్డీల్లా నీళ్లలోకి దిగుతుంది. ఆంగెలీటా గురించి చాలామంది అడుగుతారు. 30 మీటర్ల దగ్గర తెల్లటి మబ్బు పరిచినట్టుంటుంది, అది హైడ్రోజన్ సల్ఫైడ్ పొర. అందులోంచి ఎండు చెట్ల కొమ్మలు బయటికి పొడుచుకు వస్తాయి. చాలా అందం, కానీ లోతు ఎక్కువ, నేను ఒక్కసారే వెళ్లాను. ఓపెన్ వాటర్ తర్వాతి అడ్వాన్స్‌డ్ కోర్సు చేసి, లోతుల్లో అలవాటున్నవాళ్లకే అది.

ఇక భయం సంగతి. కేవర్న్ వేరు, కేవ్ వేరు. కేవర్న్ అంటే గుహ ముంగిలి, కేవ్ అంటే వెలుగు అందని లోపలి గుహ. కేవర్న్‌లో ఎక్కడున్నా పగటి వెలుగు కనిపించాలి. బయటి గాలికి 60 మీటర్ల కంటే దూరం పోకూడదు. ఒక గైడ్‌కు నలుగురికి మించి ఉండకూడదు. ఆ గైడ్ పూర్తి కేవ్ డైవర్ అయి ఉండాలి. ట్యాంకులో గాలి మూడో వంతు అయిపోగానే వెనక్కి తిరగాలి. తాడు ఎప్పుడూ చేతికి అందే దూరంలో ఉండాలి. తాడు మీద బాణాలుంటాయి, అవి బయటికి దారి చూపిస్తాయి. ఆ దారి దాటితే 'ఇక ముందుకు పోవద్దు' అని పుర్రె బొమ్మతో బోర్డు పెట్టి ఉంటుంది. ఆ బోర్డు దాటిపోయిన అనుభవజ్ఞులు కూడా చనిపోయారు. అది బెదిరింపు కాదు.

2017లో మేం మాట్లాడుకున్న గైడ్ ఆరుగురిని ఒకేసారి తీసుకెళ్లాడు. నాకు అప్పటికి నియమం తెలుసు, కానీ అడగడానికి మొహమాటపడ్డాను. నా ముందున్న అబ్బాయికి మొత్తం ఎనిమిదో తొమ్మిదో డైవ్‌లు. సైకిల్ తొక్కినట్టు కాళ్లు ఆడించాడు. అడుగున ఉన్న సన్నటి బురద లేచి, నిమిషంలో నా చుట్టూ బియ్యం కడిగిన నీళ్లయింది. నా టార్చి వెలుగు నా మోచేతి దాకా కూడా పోలేదు. తాడు కుడిచేతి పక్కనే ఉంది. బొటనవేలు, చూపుడువేలు గుండ్రంగా చేసి దాని చుట్టూ వదులుగా పెట్టుకుని, ఊపిరి లెక్కపెడుతూ, బాణం వైపు మెల్లగా కదిలాను. రెండు మూడు నిమిషాలే పట్టి ఉంటుంది. వెలుగు కనిపించినప్పుడు మాస్కు లోపల ఏడుస్తున్నాను. పైకి వచ్చాక గైడ్ 'ఏం కాలేదుగా' అన్నాడు. ఆ మాట నేను ఇప్పటికీ క్షమించలేదు. ఆ కుర్రాడి తప్పు కాదు. అతన్ని అక్కడికి తీసుకొచ్చినవాళ్లదే తప్పు.

అప్పటి నుంచి బుక్ చేసే ముందు మొహమాటం లేకుండా అడుగుతాను: మా గుంపులో ఎంతమంది, గైడ్‌కు కేవ్ సర్టిఫికెట్ ఉందా, తను వేసుకునేది జంట ట్యాంకులేనా, అందరికీ ఎన్ని డైవ్‌ల అనుభవం ఉంది. సమాధానం నసిగితే వేరేవాళ్లను చూసుకుంటాను. ఓపెన్ వాటర్ కోర్సు అయినవాళ్లను గైడ్‌తో కేవర్న్‌లోకి తీసుకెళ్లడానికి అక్కడ అడ్డేమీ లేదు. నా అభిప్రాయం మాత్రం వేరు. ముందు దిబ్బల మీద ముప్పై, నలభై డైవ్‌లు చేయండి. టోడ్‌ఫిష్ గూటి ముందు దేన్నీ ముట్టుకోకుండా నిమిషం ఆగగలిగిన రోజు సెనోటేకు వెళ్లండి. కాళ్లు కప్పలా పక్కలకు ఆడించడం నేర్చుకుని వెళ్లండి. అక్కడ ఒక ఊడ విరిగితే మళ్లీ మొలవదు. గుహలో నీళ్లున్నంత కాలం అది అంతే.

డైవింగ్ రానివాళ్లకూ సెనోటేలో చోటుంది. 2019 మార్చిలో అమ్మ మా దగ్గరికి వచ్చింది. అప్పుడు ఆమెకు 63. తులుం దగ్గర సముద్రాన్ని ఆనుకుని కాసా సెనోటే అని ఉంది, పైకప్పు లేని వాగులా ఉంటుంది, మడ చెట్ల వేళ్లు నీళ్లలోకి దిగి ఉంటాయి. అమ్మకు లైఫ్ జాకెట్ వేసి, నేను చెయ్యి పట్టుకుని, మాస్కుతో ముఖం నీళ్లలో పెట్టించాను. రెండు క్షణాలకే తల ఎత్తి, 'బాయి నీళ్లు గింత తేటగ ఉంటయా బిడ్డా' అంది. మళ్లీ పెట్టింది. గంటసేపు బయటికి రానంది. తిరిగి వస్తుంటే కార్లో చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, 'నిన్ను గప్పుడు బాయిల దిగనిస్తే అయిపోతుండె' అంది.

పదేళ్లలో మారినది కూడా చెప్పాలి. 2018లో పగడాల కణజాలాన్ని తినేసే జబ్బు మెక్సికో కరీబియన్ తీరానికి వచ్చింది. అంతకు నాలుగేళ్ల ముందు ఫ్లోరిడాలో బయటపడినదే. పగడం మీద తెల్లటి మచ్చ పడుతుంది, వారాల్లో మొత్తం పాకుతుంది, ఆ తర్వాత నాచు పట్టిన రాయి మిగులుతుంది. 2019 అక్టోబరులో పార్కువాళ్లు పలాంకార్, కొలంబియా, ఎల్ సియెలోలను కొంతకాలం మూసేశారు. వాళ్లు చేసినది సరైన పని. దాని మీద 2023 వేసవి వేడి. ఆ ఏడాది కరీబియన్‌లో పగడాలు పెద్దఎత్తున తెల్లబోయాయి. పలాంకార్ దగ్గర నేను ప్రతి ట్రిప్పులోనూ పలకరించే స్తంభపు పగడం ఒకటి ఉండేది, నా భుజాల ఎత్తు, ఒళ్లంతా నూగులా కదిలేది. 2018 డిసెంబరులో సగం తెల్లగా ఉంది. తర్వాతిసారి రాయి. గైడ్ దాన్ని చూపించి అరచెయ్యి బోర్లించాడు. ఇద్దరం కాసేపు అక్కడే ఆగాం. స్పాంజ్‌లు ఇంకా నిండుగా ఉన్నాయి, చేపలు, తాబేళ్లు ఉన్నాయి, చలికాలంలో ఉత్తరం వైపు మచ్చల టేకు చేపలు ఇప్పటికీ వస్తాయి. కాబట్టి వెళ్లొద్దని అనను. 2014లో పదికి తొమ్మిదిన్నర వేసేదాన్ని, ఇప్పుడు ఏడు వేస్తాను. సెనోటేలకు ఇప్పటికీ తొమ్మిదిన్నరే. అయితే వాటి పైనున్న అడవిలో ప్రభుత్వం వేసిన మాయా రైలు మార్గం కోసం దిగిన ఉక్కు స్తంభాలు కొన్ని గుహల పైకప్పుల్ని చీల్చుకుని నీళ్లలోకి దిగాయి. ఆ తొమ్మిదిన్నర ఎన్నాళ్లుంటుందో అని నాకు దిగులుగా ఉంది.

కొన్ని చిన్న విషయాలు. భారత పాస్‌పోర్టు ఉన్నా చెల్లుబాటయ్యే అమెరికా వీసా ఉంటే మెక్సికోకు విడిగా వీసా అక్కర్లేదు. శాకాహారులైతే హోటల్లో బీన్స్ తినే ముందు 'మాంతెకా' వేశారా అని అడగండి, అంటే పంది కొవ్వు. చాలాచోట్ల అదే వేసి వండుతారు. నేను పులిహోర కలుపుకునే పొడి, అటుకులు పట్టుకెళ్తాను. పడవలో కడుపులో తిప్పుతుంటే అల్లం మురబ్బా నాకు మాత్రల కంటే బాగా పనిచేసింది. సెనోటే ప్రవేశ రుసుము గైడ్ ఫీజులో కలపరు చాలాసార్లు, పెసోల్లో నగదు ఉంచుకోండి. సెనోటే నీళ్లు ఏడాదంతా 25 డిగ్రీల దగ్గరే ఉంటాయి, రెండో డైవ్‌కు వణుకు వస్తుంది, ఐదు మిల్లీమీటర్ల సూట్ వేసుకోండి. సముద్రంలో కట్టుకున్న బరువులు మంచినీళ్లలో ఎక్కువవుతాయి, కిలోన్నర, రెండు కిలోలు తీసేయాలి. ఒంట్లో పేరుకున్న నైట్రోజన్ పోవడానికి ఆఖరి డైవ్‌కూ విమానానికీ మధ్య కనీసం 18 గంటలు వదలండి. మేం ఆఖరి రోజంతా ఒడ్డునే ఉంటాం.

మా అమ్మాయికి పదిహేనేళ్లు నిండాయి, ఈ వేసవిలో ఓపెన్ వాటర్ పూర్తి చేసింది. డిసెంబరుకు టికెట్లు తీసుకున్నాం. దోస్ ఓహోస్‌కు వెళ్దామని ఇప్పటికే పట్టుబడుతోంది. దాని పుస్తకంలో పదకొండు డైవ్‌లే ఉన్నాయి. ఈసారి కొలంబియా, పలాంకార్, ఇసుక మీద టోడ్‌ఫిష్ వెతుకులాట. తులుం వెళ్లేది కాసా సెనోటేకే, మాస్కు, స్నార్కెల్‌తో. వాళ్ల అమ్మమ్మ తల ముంచిన చోటు చూపిస్తానని మాటిచ్చాను.